ఊరు అన్న మాట ఎవరిది

లాగ్ 406

ఆక్సిజన్ సరిపోను ఉంది. మూడో ఫ్యాన్ మళ్ళీ మూలుగుతోంది, బేరింగుకు గ్రీజు పెట్టాను. నాచు తొట్లు పచ్చగానే ఉన్నాయి.

గాలి సంగతులు తప్ప ఈ లాగ్‌లో ఇంకేమీ రాయకూడదని గోడకు నోటీసు అంటించి ఉంది. ఈ పూట రాస్తాను. ఎవరైనా వచ్చి అడిగితే అప్పుడు చెప్తాను వాళ్ళ సంగతి.

ఊళ్ళకు పేర్లు నమోదు చేసే నామ మండలి నుంచి జవాబు వచ్చింది. మా ఊరికి ఊరు అనే పేరు ఇవ్వరట.

సెరెస్ అనే ఈ మంచురాయి కడుపులో సొరంగాలు తవ్వుకుని, ఉప్పు గీకి కేంద్రానికి పంపుతూ మేం ఇక్కడ ఇరవై ఏళ్ళకు పైగా బతుకుతున్నాం. కాగితాల మీద మాది పద్నాలుగో క్యాంపు. మా నోట్లో మాత్రం మొదటి రోజు నుంచీ ఊరే. గనిలో షిఫ్టు దిగినవాడు "ఊళ్ళెకు పోతున్న" అంటాడు గానీ, క్యాంపులోకి పోతున్నా అన్నవాడిని నేను చూడలేదు. ఇంకో పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. తోచే అవసరం రాలేదు.

ఈ పేరు గొడవ నాకు సరదాకి పుట్టింది కాదు. క్యాంపుకు శ్మశానం ఉండదు. క్యాంపులో ఎవరు పోయినా కేంద్రం ఓడ వచ్చి శవాన్ని ఎత్తుకుపోతుంది. అక్కడ వాళ్ళ పొలం తొట్లలో మట్టిగా కలిపేస్తారు. పేరు నమోదైన ఊరికే తనవాళ్ళను తన నేలలో పెట్టుకునే హక్కు. నా మొగుడు ఐలయ్య కిందటి నెల కొత్త సొరంగంలో పైకప్పు విరిగి మీదపడి పోయాడు. ఇప్పుడు చలిగదిలో, ఉప్పు డబ్బాల పక్కన, తెల్లగుడ్డ చుట్టుకుని పడుకుని ఉన్నాడు. మేమందరం నిద్రపోయే గదులు ఆయన తవ్వినవే. ఆయనకు మాత్రం ఆరడుగులు ఇవ్వడానికి ఎవరో ఆఫీసరు సంతకం కావాలి.

"నన్ను ఈడనే పెట్టుండ్రి" అని ఎన్నోసార్లు అన్నాడు. ఓడ ఈ నెలలోనే వస్తుంది.

లాగ్ 407

గాలి మామూలే. ఫిల్టర్లు కడిగాను.

మండలి ఆఫీసరు తెర మీదకు వచ్చింది. పేరు తమార. నున్నగా దువ్విన జుట్టు, నవ్వని నోరు. ఆమె మాట మాకు, మా మాట ఆమెకు తర్జుమా డబ్బా చెప్తుంది. ఆ డబ్బాకు ఒకటే తెలుగు వచ్చు, బడిపంతులు తెలుగు. తిట్టినా పాఠం చెప్పినట్టే ఉంటుంది.

"ఊర్ అనే శబ్దం కోసం మీ గ్రహశకలం మీదే ముగ్గురు దరఖాస్తు చేశారు," అంది. "ప్రమాదంలో పేరు పిలిస్తే రక్షణ యంత్రం ఆ చోటికి వెళుతుంది. ఒకే శబ్దం మూడు చోట్లకు ఇవ్వలేము."

తర్వాత చదవడం మొదలుపెట్టింది. మీ పక్కనున్న నీటి స్టేషన్ వాళ్ళది బాస్క్ భాష, అందులో ఊర్ అంటే నీళ్ళు. గుట్ట మీద నక్షత్రశాల వాళ్ళది హంగేరీ భాష, అందులో దాదాపు ఇదే శబ్దానికి శూన్యం అని, అంతరిక్షం అని అర్థం. జర్మన్‌లో మాట ముందు ఊర్ చేరిస్తే అన్నిటికన్నా మొదటిది అని. సుమేరు వాళ్ళ భాషలో ఉరు అంటే నగరం, ఆ పేరుతో వాళ్ళకో మహానగరమే ఉండేది.

"ఆ సుమేరోల్లు దరఖాస్తు పెట్టిన్రా మేడం?" అని అడిగాను.

"వారు అంతరించి వేల ఏళ్ళయింది. వారి మాటకూ మీ మాటకూ చుట్టరికం ఉందని రుజువు కాలేదు. కాబట్టి పాతదనం మీద మీకు హక్కు రాదు."

చుట్టరికం మేం అడిగామా? తమిళం వాళ్ళది, కన్నడం వాళ్ళది, మాది ఒకటే మాట. తంజావూరు, మైసూరు, నెల్లూరు అని తోకకు కట్టుకుని ఎన్ని తరాలు తిరిగాం. ఎవడూ ఎవడినీ రుజువు అడగలేదు. ఆ మాటే చెప్పాను. అది సామాన్య నామవాచకమని, పేరు కాదని అంది. కొడుకుకు కొడుకు అని పేరు పెట్టినట్టు ఉంటుందంది.

"మా తాత పేరు పెద్దోడు. ఆయన తమ్ముని పేరు చిన్నోడు. ఇద్దరు ఆ పేర్లతోనే బతికిన్రు, ఆ పేర్లతోనే పోయిన్రు. ఎవ్వరికి ఇబ్బంది కాలే."

"మీ భాషలోనే దానికి రెండు అర్థాలున్నాయి. నీరు ఊరడం కూడా ఉంది."

నోరు ఊరుతుంది, బావి ఊరుతుంది, జాడీలో మామిడికాయ ఊరుతుంది. మధ్యలో ఈమెకేం నొప్పి అని నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం చల్లగా ఖాళీ పేర్ల జాబితా చూసి, ప్రగతి-3 అనే పేరు ఉంది, తీసుకోండి అంది.

"మొదటి రెండు ప్రగతులు ఏమైనయి?"

"మూతపడ్డాయి."

నా పక్కన కూర్చున్న మొగిలమ్మ అత్త, మా ఆయనకు మేనత్త, ఊరికంతటికీ పెద్ద దిక్కు, పళ్ళు లేని నోటితో పక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చివరికి ఆఫీసరు రెండు దారులు చెప్పింది. మిగతా ఇద్దరూ దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి. "కానీ వారిద్దరూ ససేమిరా అన్నారు," అంది. లేదా, మా పెద్దల ఆచారం ప్రకారం ఊరు నిలబెట్టే వేడుక ఏదైనా ఉంటే, అది ఆఫీసరు కళ్ళముందు జరిగితే, అప్పుడు మాటకు మేమే హక్కుదారులం. ఓడతోపాటు తానే వస్తానంది. వేడుక జరగకపోతే అదే ఓడలో ఐలయ్యను ఎక్కిస్తారట. ఆ సంగతి వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

లాగ్ 409

గాలి బాగుంది. నేను బాగాలేను.

పొద్దున నక్షత్రశాలకు ఫోన్ చేశాను. అక్కడ ఇలోనా అని ఒకామె, ముగ్గురు మనుషులకు పెద్ద. విషయం చెప్పాను. "మీకు మేం ససేమిరా అన్నామని చెప్పారా? నన్ను ఎవరూ అడగనే లేదు. శూన్యానికి పేరు లేకపోతే దానికేం నష్టం లేదు, నేను వెనక్కి తీసుకుంటాను," అంది. అంతే. ఒక్క ఫోను.

కోపం రెండింతలైంది. మిగిలినవాళ్ళతో నేరుగా తేల్చుకుందామని తర్జుమా డబ్బా చేత పట్టుకుని పైపు సొరంగం గుండా నీటి స్టేషన్‌కు నడిచాను. మా నీళ్ళు అక్కడినుంచే వస్తాయి. మంచు కరిగించడం వాళ్ళ పని, ఉప్పు గీకడం మాది. ఇన్నేళ్ళుగా మా మధ్య పైపు ఉంది గానీ రాకపోకలు లేవు. పైపు కారినప్పుడు తప్ప ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అది ఎందుకో ఇప్పుడు ఆలోచిస్తే నాకే జవాబు తెలియదు.

వంటగదిలో ఒక ముసలామె గంటెతో పులుసు కలుపుతోంది. పేరు ఎదుర్నే. స్టేషన్ పెద్ద ఇన్యాకికి తల్లి. కొడుకు కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"ఆ పేరు మాకు వదిలెయ్యుండ్రి," అన్నాను. "మా ఇంట్ల శవం ఉన్నది. ఊరని రాస్తెనే మట్టి."

ఇన్యాకి ముఖం బిగించాడు. "మీరే ససేమిరా అన్నారని ఆఫీసరు మాతో చెప్పింది." మళ్ళీ అదే మాట. మాకూ వీళ్ళకూ అదే మాట చెప్పి ముగ్గురినీ ఎడమొహం పెడమొహం చేసింది మహాతల్లి. కానీ అతను వదలనన్నాడు. "మా నాన్న పోయినప్పుడు ఓడ తీసుకుపోయింది. కేంద్రంలో టమాటా తొట్లలో కలిపారని తర్వాత కాగితం వచ్చింది. ఏ తొట్టిలోనో కూడా రాయలేదు. మా అమ్మ ఇప్పటికీ టమాటా తినదు. ఆమెకు ఆ గతి పట్టనివ్వను."

నేను నోరు తెరిచేలోపే ముసలామె గంటె పక్కన పెట్టింది.

"నీ మొగుడు ఎప్పుడు పోయాడు?"

"కిందటి నెల, అవ్వ."

"నెలైందా? మాకు చెప్పలేదా?" ఆమె గొంతు లేచింది. డబ్బా దాన్ని పాఠంగా మార్చి చెప్పినా కోపం కోపంగానే వినపడింది. "మా దేశంలో ఇంట్లో మనిషి పోతే, ఇంటివాళ్ళకు ఏడవడం ఒక్కటే పని. కబురు చెప్పడం, శవాన్ని కడగడం, మొయ్యడం, దారి చూపడం అంతా మొదటి పొరుగింటిది. అందరికన్నా దగ్గరి ఇల్లు ఎవరిదైతే వాళ్ళది. పోట్లాటలున్నా సరే. మీకు దగ్గరి ఇల్లు మాది. నెల రోజులు మమ్మల్ని మా పని చెయ్యనివ్వలేదు నువ్వు."

నేను పోట్లాడటానికి వచ్చినదాన్ని. మీ దగ్గర అలాంటి పద్ధతి ఉందని గానీ, మీకు చెప్పాలని గానీ నాకు తెలియదన్నాను. ఎదుర్నే గిన్నెలో పులుసు పోసి నా ముందు పెట్టింది. పేరు విషయంలో ఎవరూ తగ్గలేదు. పులుసు మాత్రం తాగి వచ్చాను.

లాగ్ 410

మూడో ఫ్యాన్ ఆపి పాత దాన్ని పెట్టాను.

ఇక మిగిలింది వేడుక దారి. మొగిలమ్మ అత్తనే అడగాలి. ఊళ్ళో వాళ్ళందరినీ నాచు తొట్ల దగ్గర కూర్చోబెట్టాం.

"ఊరంటే బొడ్రాయి," అంది అత్త. "ఊరికి బొడ్డు. రాయి నాటినంకనే అది ఊరైతది. ఆనాడు ఇంటికో బిందె నీళ్ళు పొయ్యాలె. ఆడబిడ్డలు అందరు రావాలె. పొలిమేర కట్టెయ్యాలె. కట్టినంక ఎవ్వడు లోపటికి రావద్దు, ఎవ్వడు బయటికి పోవద్దు, మాపటి గంట కొట్టేదాక."

అందరికీ ప్రాణం లేచొచ్చింది. రాయి ఏదో, ఎక్కడ నాటాలో అప్పుడే మాట్లాడుకోవడం మొదలైంది. ఇక్కడ బరువు తక్కువ, రాయిని ఇనుప చీలతో నేలకు బిగించాలని ఒకరు, బొడ్రాయికి చీల కొడతారా అని ఇంకొకరు. అత్త మాత్రం తల దించుకుని కూర్చుంది.

"ఏమైంది అత్తా?"

"ఎట్ల చెప్పాలె బిడ్డా. ఊర్ల శవం ఉంటే దేవునికి దీపం గూడ పెట్టరు. బొడ్రాయి ఎట్ల నాటుతరు? ఐలయ్య లేస్తెనే రాయి నిలుస్తది."

అందరూ నావైపు చూశారు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థమయ్యాక ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఊరైతేనే ఐలయ్యను మట్టిలో పెట్టనిస్తామని ఆఫీసరు. ఐలయ్య మట్టిలోకి పోతేనే ఊరవుతుందని ఆచారం. అక్కడ చట్టం, ఇక్కడ శాస్త్రం, మధ్యలో నా మొగుడు ఉప్పు డబ్బాల పక్కన.

"ఒక్క పూటకు పట్టించుకోకుంటే ఏమైతది?" అని అడిగాను. అడిగింది నేనే, నాకే నచ్చలేదు. దొంగ బొడ్రాయి మీద నిలబడ్డ ఊరిలో ఐలయ్యను పెట్టి ఏం లాభం?

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని అంటారు. నా విషయంలో దేవుడూ ఇవ్వలేదు, పూజారీ ఇవ్వలేదు. అత్త నా చెయ్యి పట్టుకుంది. నేను విదిలించుకుని గాలి గదికి వచ్చేశాను.

లాగ్ 412

గాలి మామూలే.

ఎదుర్నే పైపు సొరంగం గుండా కర్ర పట్టుకుని నడిచి వచ్చింది, వెంట కొడుకు. ఇన్నేళ్ళలో వాళ్ళు మా ఊళ్ళో అడుగు పెట్టడం ఇదే మొదలు. సంగతి ఎవరు చెప్పారో తెలియదు. సొరంగానికి గోడలున్నాయి, గోడలకు చెవులుంటాయి.

"అతన్ని మా ఇంట్లో ఉంచుతాం. మీ పండుగ మీరు చేసుకోండి," అంది.

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మాలో శవాన్ని పక్క ఊరి పొలిమేర దాటనివ్వరు. దాటించాలని చూస్తే కర్రలు లేస్తాయి. మేం ఎవరి శవాన్నీ రానివ్వం, మా శవాన్ని ఇంకొకరి ఇంట్లో పెట్టమని ఏ మొహంతో ఒప్పుకోను? ఆ సంగతి చెప్పాను.

ఎదుర్నేకు అర్థం కాలేదు. డబ్బాతో రెండోసారి చెప్పించుకుంది. "పొరుగింటి చావు మనింటికి రాకూడదా?" అని కొడుకు ముఖం చూసింది. "మరి ఎక్కడికి పోతుంది?"

మొగిలమ్మ అత్త లేచి నిలబడింది. అడ్డం చెబుతుందనుకున్నాను. "అవ్వా, నీ కాళ్ళకు మొక్కుత. నువ్వు చేసేది మా వాళ్ళు ఎవ్వరు చెయ్యరు," అంది.

ఇక్కడ మనిషి బరువు మూటంత. ఇన్యాకి ఒక్కడే ఒక్క చేత్తో ఎత్తగలడు. ఎదుర్నే ఒప్పుకోలేదు. నలుగురు పట్టాలంది, నలుగురిలో తానూ ఉంటానంది. ఐలయ్య పైపు పక్కనుంచి మెల్లగా వెళ్ళిపోయాడు. నేను వాళ్ళ తలుపు దాకా వెళ్ళి తిరిగివచ్చాను. పేరు మాటెత్తే ధైర్యం నాకు లేకపోయింది. వాళ్ళూ ఎత్తలేదు.

లాగ్ 415

బొడ్రాయి రోజు. గాలి రీడింగులు పక్కన పెట్టాను, ఎవరూ చావలేదు కాబట్టి బాగానే ఉన్నట్టు.

ఓడ పొద్దున్నే వస్తుందన్నారు. రాలేదు. ఆఫీసరు కోసం ఆగాం. ముహూర్తం దాటుతోందని అత్త గొణిగింది. ఇంకొంచెం ఆగాం. పిల్లలు బిందెలు పట్టుకుని నిలబడలేక పోతున్నారు. చివరికి అత్త లేచి, "రానోళ్ళ కోసం రాయి ఆగదు," అని పొలిమేర కట్టించింది. పైతలుపు మూశాం, పైపు సొరంగం తలుపు మూశాం, వేపాకులు లేవు కాబట్టి నాచు దండలు కట్టాం. రాయి నాటి మొదటి బిందె వంచారు. ఇక్కడ నీళ్ళు దబ్బున పడవు, ముద్దలు ముద్దలుగా, తీరిగ్గా దిగుతాయి. అందరూ అవి రాయిని తాకేదాకా చూశారు.

అప్పుడు రేడియో మోగింది. తమార. ఓడ ఆలస్యమైంది, మా పైతలుపు తెరుచుకోలేదు కాబట్టి నీటి స్టేషన్ దగ్గర దిగారు.

"తలుపు తెరవండి. నేను చూడాలి."

"పొలిమేర కట్టినంక తియ్యం మేడం. మాపటి గంట దాక ఆగుండ్రి."

"ఓడ అంతసేపు ఆగదు. నేను చూడని వేడుక జరగనట్టే లెక్క. అలాగైతే మీ మృతుడు క్యాంపు మృతుడు. ఇక్కడే ఉన్నాడు, ఎక్కిస్తున్నాం."

పైపు సొరంగం తలుపు దగ్గరికి పరుగెత్తాను. చెయ్యి మీట మీద పెట్టాను. వెనక్కి తిరిగి చూస్తే ఊరంతా నన్నే చూస్తోంది. తీస్తే బొడ్రాయి చెడిపోతుంది, ఊరు లేదు, రేపు పోయేవాళ్ళందరూ టమాటా తొట్లకే. తియ్యకపోతే నా మొగుడు ఓడెక్కుతాడు. ఒక్కరు కూడా తియ్యొద్దని అనలేదు. అత్త కూడా అనలేదు. అనలేదనే నాకు ఇంకా కోపం వచ్చింది. ఎవరో ఒకరు అడ్డుపడితే వాళ్ళ మీద పడి అరిచేదాన్ని.

రేడియోలో ఎదుర్నే గొంతు. "బాలమణీ, తలుపు తీయకు."

తర్వాత ఆమె ఆఫీసరుతో అంది: "ఈయన క్యాంపు మనిషి కాడు. పక్క ఊరాయన. మా పేరు దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాం."

"అమ్మా," అన్నాడు ఇన్యాకి.

"మీ మీద క్యాంపు నిబంధన వర్తిస్తుంది. మీ మరణం తర్వాత కూడా," అంది తమార.

"నాకు తెలుసు. నా వయసు కూడా తెలుసు."

కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "పోటీదారులు లేరు కాబట్టి పేరు వారికే వస్తుంది. ఏ రుజువూ అవసరం లేదు," అంది ఆఫీసరు.

అవసరం లేదట. ఇన్ని రోజులూ మమ్మల్ని సుమేరు దాకా తిప్పింది. ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పింది. ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఉంటే పులుసు చల్లారేలోపు తేలిపోయేది. అవసరం లేదని చెప్పడానికి ఒక ముసలామె తన చావును పణంగా పెట్టాల్సి వచ్చింది. రేడియోలోనే నోటికొచ్చినట్టు తిట్టాను. డబ్బా ఏం తర్జుమా చేసిందో నాకు తెలియదు. ఎదుర్నేను కూడా తిట్టాను. ఎవరడిగారు నిన్ను ఇమ్మని, అన్నాను.

"తర్వాత తిట్టు," అంది. "ఓడ బయలుదేరేలోపు పూడ్చని శవం కేంద్రానిదట. ఇప్పుడే పెట్టాలి. మీ వాళ్ళ పద్ధతి చెప్పండి."

నేను వెళ్ళలేను. ఊరైంది, నా మొగుడికి కాడు దొరికింది, తలుపు అవతల ఆయన్ను లేపుతున్నారు, నేను ఇవతల ఉన్నాను. అత్త రేడియో తీసుకుని ఒక్కొక్కటీ చెప్పింది. తల దక్షిణం. దక్షిణం ఎటో ఓడ డ్రైవరు చూపించాడట. దారి మధ్యలో ఒకచోట దించాలి. దించి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. లేస్తాడేమోనని.

"దింపుడు కల్లం అంటరు అవ్వా. సొంతోళ్ళు పిలవాలె."

బయట గాలి లేదు, పిలుపు వినపడదు. అందుకని బయటి తలుపు ముందే దించారు. ఇన్యాకి రేడియోను ఆయన చెవి దగ్గర పెట్టాడు. పెట్టానని చెప్పాడు.

మొగుడి పేరు నోటితో పలకొద్దని మా అమ్మ నేర్పింది. ఇన్నేళ్ళూ ఏమయ్యా, ఇగో, వింటున్నవా, అంతే. తలుపు ఇనుముకు నుదురు ఆనించి పిలిచాను.

"ఐలయ్యా."

రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాను.

"ఐలయ్యా."

ఇంకొక్కసారి మిగిలింది. వెనకనుంచి అత్త నా భుజం పట్టుకుంది. పిలిచాను. కొంచెంసేపు ఆగారు, నిజంగానే ఆగారు, లేస్తాడేమో చూసినట్టు. తర్వాత బయటి తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడింది.

లాగ్ 416

గాలి బాగుంది. తలుపు తీసిన తర్వాత వెళ్ళి చూశాను. రెండు చోట్లకూ మధ్య, మంచు వాలులో పెట్టారు. పైన మంచు పలకలు ఒద్దికగా పేర్చారు. ఆఫీసరు వెళ్ళిపోయింది. పేరు కాగితం వదిలి వెళ్ళింది: ఊరు. పక్కన నీటి స్టేషన్‌కు పదిహేనో క్యాంపు అని నంబరు వేసింది.

నా మొగుడి మట్టి నేను చూడలేదు. ఆ కోపం తగ్గుతుందని నేను అనుకోవడం లేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. సాయంత్రం ఎదుర్నే దగ్గరికి పోయాను. తిట్టడానికే పోయాను. ఆమె పులుసు పెట్టింది, తాగుతూ తిట్టాను.

లాగ్ 471

గాలి సరిపోను ఉంది.

ఎదుర్నే పోయింది. తిన్నది, పడుకుంది, లేవలేదు. ఎవరూ పిలవకముందే పోయాం. నేను వాళ్ళ నీళ్ళ పనికి మావాళ్ళను షిఫ్టులుగా పంచాను, మొగిలమ్మ అత్త వాళ్ళ వంటగది పట్టింది, ఇద్దరు మంచు తవ్వే మిషన్ తీసుకుని వాలు మీదికి ఎక్కారు. ఇన్యాకి ఏదో చెయ్యబోతే కూర్చోమన్నాను. నీకు ఏడవడం ఒక్కటే పని అన్నాను. కూర్చుని ఏడ్చాడు.

కబురు కేంద్రానికి దానంతట అదే పోతుంది. ఓడ దగ్గరలోనే ఉందట. తమార తెర మీదకు వచ్చింది. మనిషి కొంచెం నలిగినట్టు కనిపించింది గానీ మాట మారలేదు.

"పదిహేనో క్యాంపులో మృతదేహం ఉంది. సిద్ధం చెయ్యండి."

"సిద్ధం చేస్తున్నం మేడం. మా కాట్లె పెడుతున్నం."

"మీ శ్మశానం మీ ఊరివాళ్ళకే. ఆమె పేరు క్యాంపు జాబితాలో ఉంది. ఆమె భాష వేరు, మనుషులు వేరు. మీ మాటకూ వారి మాటకూ సంబంధం లేదని మీ దస్త్రంలో మేమే రాశాం."

"ఆమె మా ఊరామె."

"రుజువు?"

చెయ్యి నడుము మీద పెట్టుకుని నిలబడ్డాను. ఈ ఆడమనిషిని, రుజువు అన్న మాట ఏ భాషనుంచి వచ్చిందో ఎప్పుడైనా ఎవరైనా అడిగారా అనుకున్నాను.

"నా మొగుణ్ణి మోసింది," అన్నాను.

డబ్బా ఆ మాట తర్జుమా చేసేలోపే తెర ఆపేసి వాలు మీదికి పోయాను. అప్పటికే తవ్వడం సగం అయింది.